ఎంత దూరం పలుకుతుంది?

వాకీటాకీ చేతికి రాగానే ఎవరైనా వేసే మొదటి ప్రశ్న ఒకటే: "ఇది ఎంత దూరం పలుకుతుంది?" పెళ్ళిచూపుల్లో కుర్రాడి జీతం అడిగినట్టు, అదొక్కటి తెలిస్తే మిగతావన్నీ తెలిసినట్టేననుకుంటారు. "మీరెక్కడ నిలబడి మాట్లాడతారు?" అని నేను ఎదురుప్రశ్న వేస్తే, తెలియక తప్పించుకుంటున్నాడని నవ్వుతారు. అట్టపెట్టె మీద మాత్రం ఏ సంకోచమూ లేకుండా 20 కిలోమీటర్లనో 30 కిలోమీటర్లనో అచ్చువేసి ఉంటుంది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. ఈ కొండ నెత్తిన ఒకరూ ఆ కొండ నెత్తిన ఇంకొకరూ నిలబడి, మధ్య అడ్డేమీ లేకపోతే ఆపాటి దూరం సునాయాసంగా పలుకుతుంది. కాని సెట్టు కొన్నవాడు కొండెక్కడు. దొండపర్తి సందులో మేడ కింద నిలబడి ఎం.వి.పి. కాలనీలో ఉన్న స్నేహితుణ్ణి పిలుస్తాడు. మధ్యలో వాల్తేరు మెరక, ఆ మెరక మీద మళ్ళీ మేడలు. గరగర తప్ప మరేమీ రాదు. మర్నాడు కొట్టుకెళ్ళి ఇంతకంటే ఎక్కువ వాట్ల సెట్టు ఉందా అని అడుగుతాడు.

ఈ వాట్ల పిచ్చి గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది. సావనీర్ కుర్రాళ్ళు ఫోన్ చేసి, "అన్నా, మీ కాలేజీ రోజుల గురించి ఏదైనా రాయండి" అన్నారు. కాలేజీ రోజుల్లో నేను నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ చేతికి పనికొస్తున్నది ఇదే. అదీ క్లాసులో కాదు, హాస్టలు డాబా మీద.

చేత్తో పట్టుకుని మాట్లాడే రేడియో నిన్నా మొన్నా పుట్టింది కాదు. అమెరికాలో, తర్వాత మోటరోలా అయిన గాల్విన్ కంపెనీ 1940లో ఒక సెట్టు తయారుచేసింది. ఎస్.సి.ఆర్.-536 అని పేరు. రెండో ప్రపంచయుద్ధంలో సిపాయిలు దాన్ని ఒంటిచేత్తో చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడారు. లోపల వాల్వులు, రెండు కిలోలు దాటిన బరువు. నేల మీద అది పలికిన దూరం సుమారు ఒక మైలు. ఇప్పుడు మన చొక్కా జేబులో పట్టే సెట్టు, నగరం నడిమధ్య, నేల మీద నిలబడి మాట్లాడితే చాలాసార్లు పలికేదీ ఒకటి రెండు మైళ్ళే. ఎనభై ఏళ్ళ పైబడి ఇంత సైన్సు పెరిగి దూరం మాత్రం అక్కడే ఆగిందేమిటని ఆశ్చర్యం వేస్తుంది. లోపం యంత్రంలో ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు బాగుచేసి ఉండేవారు. భూమి గుండ్రంగా ఉండటం, మనం పొట్టిగా ఉండటం, మన వీధులు ఇరుగ్గా ఉండటం ఎవరు బాగుచేస్తారు?

మీడియం వేవులో రాత్రిపూట ఎక్కడెక్కడి స్టేషన్లో వినపడటం పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ తరంగాలు పైన ఉన్న అయనమండలానికి తగిలి మళ్ళీ కిందికి దిగుతాయి. మన హామ్‌లు చేతిసెట్లలో వాడేది 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. ఇవి ఆ పొరను చీల్చుకుని పైకి పోతాయి, మామూలుగా తిరిగి రావు. కాబట్టి ఇంచుమించు చూపు ఆనినంత మేర మాటా ఆనుతుంది. ఇంకాస్త ఎక్కువే, ఎందుకంటే గాలిలో ఈ తరంగాలు కొద్దిగా వంగుతాయి. లెక్క ఇది: ఏరియల్ నేలకు ఎన్ని మీటర్ల ఎత్తున ఉందో ఆ సంఖ్యకు వర్గమూలం కట్టి 4.12తో హెచ్చవేయండి. అడ్డాలేవీ లేనప్పుడు ఆ రేడియోకి దిగంతం ఎన్ని కిలోమీటర్ల అవతల ఉందో తేలుతుంది. మనిషి చేతిలో ఒకటిన్నర మీటరు ఎత్తున ఉంటే 5 కిలోమీటర్లు. నాలుగంతస్తుల డాబా మీద 16 మీటర్ల ఎత్తున ఉంటే 16.5. కైలాసగిరి మీద, 170 మీటర్లనుకుంటే, 53 కిలోమీటర్ల పైచిలుకు. అవతలివాడి దిగంతం కూడా దీనికి కలుపుకోవాలి. ఈ లెక్కలో వాట్లు ఎక్కడా లేవు గమనించండి. నూతిలో కప్ప ఎంత గట్టిగా అరిచినా అరుపు నూతిలోనే ఉంటుంది.

వాట్లకు అసలు విలువ లేదని నేననటం లేదు. ఉన్న విలువ మనం ఊహించుకునేదానికి చాలా తక్కువ. 5 వాట్ల సెట్టు మానేసి 10 వాట్లది కొంటే లాభం 3 డెసిబెల్స్. సెట్టు మీద సిగ్నలు ముల్లు ఒక్క గీత కదలడానికి 6 డెసిబెల్స్ కావాలి, అంటే నాలుగింతల పవరు. డబ్బులు రెట్టింపు పోసి అరగీత కొనుక్కోవడమన్నమాట. పైగా వాట్లు ఒకవైపే పనిచేస్తాయి. నా మాట అవతలివాడికి వినపడవచ్చు, వాడి మాట నాకు వినపడేందుకు నా వాట్లు ఏం చేస్తాయి? మంచి ఏరియల్ రెండువైపులా పనిచేస్తుంది. చెప్పేటప్పుడు నోరూ అదే, వినేటప్పుడు చెవీ అదే. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం డబ్బు మిగులుతుంది.

ఇక చేతిసెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు ఏరియల్. ఇది జేబు సౌకర్యం కోసం పుట్టింది తప్ప మాట కోసం కాదు. తరంగం పొడుగు రెండు మీటర్ల పైచిలుకు, అందులో పావు వంతు ఉండాల్సిన తీగను స్ప్రింగులా చుట్టి జానెడు రబ్బరు గొట్టంలో కుక్కుతారు. దాన్ని తీసి అర మీటరు పొడుగున్న సన్నటి స్టీలు కమ్మీ ఏరియల్ బిగిస్తే తేడా చెవికి తెలుస్తుంది. అదికూడా కొనలేని రోజుల్లో మా సీనియర్ ఒకాయన మాకు నేర్పిన కిటుకు వేరే ఉంది. పావు తరంగం ఏరియల్‌కి కింద మరో సగం కావాలి. చేతిసెట్టులో ఆ రెండో సగం పని సెట్టు లోహభాగమూ, దాన్ని పట్టుకున్న మన చెయ్యీ కలిసి అంతంతమాత్రంగా చేస్తుంటాయి. అందుకని 49 సెంటీమీటర్ల మామూలు కరెంటు వైరు ముక్క కత్తిరించి, ఒక కొస పైతొడుగు తీసి, ఏరియల్ బిగించే చోట బయటి లోహపు అంచుకు తగిలేలా చుట్టి, మిగతాది కిందికి వేలాడనివ్వాలి. 49 ఎలా వచ్చిందంటే, 300ని 145తో భాగిస్తే 2.07 మీటర్లు, అందులో పావు 51.7 సెంటీమీటర్లు, తీగలో తరంగం కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి దాంట్లో నూటికి 95 వంతులు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని పులితోక అంటారు. మా మెస్సులో వడ్డించే పెద్దాయన దాన్ని చూసి, "ఏటి బాబూ, రేడియోకి ఎలకతోక కట్టినావు?" అన్నాడు. ఆయన అన్న పేరే మాకు స్థిరపడిపోయింది. ఎలకతోక ఖర్చు సున్న. దాంతో వచ్చే లాభం కొన్ని చోట్ల సెట్టు మార్చినంత.

పట్టుకోవడంలోనూ ఉంది. మనలో చాలామంది వాకీటాకీని సినిమాలో పోలీసులా అడ్డంగా నోటి ముందు పట్టుకుంటారు. ఏరియల్ నిలువుగా ఉండాలి, అవతలివాడిదీ నిలువుగానే ఉండాలి. ఒకటి నిలువు, ఒకటి అడ్డం అయితే సిగ్నలు దారుణంగా పడిపోతుంది. నడుముకు తగిలించుకుని మైకు తీగతో మాట్లాడటం దర్జాగానే ఉంటుంది గాని, మన ఒళ్ళు సగానికి పైగా నీరు. ఆ నీరు సిగ్నలును హాయిగా తాగేస్తుంది. సెట్టు తలకంటే పైకెత్తి వినడం మొరటుగా కనిపించినా అదే పద్ధతి.

నగరంలో ఇంకో వింత ఉంది. మేడల గోడలకు తగిలి ఒకే మాట నాలుగు దారుల్లో వచ్చి చేరుతుంది. ఆ నాలుగూ ఒకచోట ఒకదాన్నొకటి బలపరుస్తాయి, మరోచోట ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఈ రెండు చోట్లకీ మధ్య దూరం ఒక్కోసారి అడుగున్నర మాత్రమే. అందుకే అనుభవం ఉన్నవాడు మాట తెగిపోగానే బ్యాటరీ మార్చడు, కేకలు వెయ్యడు. ఒక అడుగు పక్కకు జరుగుతాడు, మళ్ళీ వింటాడు, ఇంకో అడుగు జరుగుతాడు. డాబా మీద మేమిలా జరుగుతూ తిరుగుతుంటే కింద నుంచి చూసినవాళ్ళు ఏమనుకునేవారో నాకు తెలియదు. ఇంటి లోపలి నుంచి మాట్లాడాలంటే 435 మెగాహెర్ట్జ్ దగ్గరి పొట్టి తరంగం కిటికీల్లోంచి, సందుల్లోంచి బయటికి దూరడంలో కాస్త నయం. తడిసిన చెట్లు అడ్డుంటే మాత్రం దానికి ఓపిక తక్కువ. అక్కడ రెండు మీటర్ల తరంగమే మేలు.

మన విశాఖపట్నం సంగతి చెప్పాలంటే మేడల కంటే ముందు కొండల గురించి చెప్పుకోవాలి. దక్షిణాన యారాడ కొండ, ఉత్తరాన కైలాస కొండల వరస, మధ్యలో పళ్ళెంలో వడ్డించినట్టు ఊరు. మన కాలేజీ డాబా మీద నుంచి పాత ఊరూ పోర్టూ అంతా కనపడుతుంది, కాబట్టి పలుకుతుంది. మధురవాడ కూడా పెద్ద దూరమేం కాదు, గీత గీస్తే పదకొండు కిలోమీటర్లుంటుందేమో. అయినా చేతిసెట్టుతో పలకదు. హనుమంతవాక దాటగానే కంబాలకొండ అడ్డం పడుకుని ఉంటుంది. దానికంటే రెండింతల దూరంలో భీమిలి దారిలో ఉన్నవాడు కైలాసగిరి మీదివాడితో హాయిగా మాట్లాడతాడు. ఊరి పటం చూసి దూరాలు కొలిస్తే రేడియో సంగతి తెలియదు. ఎత్తులు గుర్తించిన పటం కావాలి. కాంటూరు గీతల పటం ఎందుకు పనికొస్తుందో నాకు సర్వేయింగు క్లాసులో కంటే ఇక్కడే బోధపడింది.

డాబా ఎక్కలేనివాళ్ళు ఏరియల్‌ని డాబా ఎక్కించవచ్చు. వెనకటి టీవీలకు పైనుంచి దిగే చదునైన రిబ్బను వైరుండేది గుర్తుందా, అది మీటరున్నర ముక్క దొరికితే "జె" ఆకారం ఏరియల్ తయారవుతుంది. చుట్టచుట్టి పుస్తకంలో పెట్టుకోవచ్చు, వెదురుగడకు కట్టి నిలబెట్టవచ్చు, కొమ్మకు దారం వేసి పైకి లాగవచ్చు. మేము పూర్ణా మార్కెట్ దగ్గర పాత సామాన్ల కొట్లలో వెతికి ఆ వైరు తెచ్చేవాళ్ళం. అయితే కింద గదిలో సెట్టు, పైన ఏరియల్, మధ్య 30 మీటర్ల సన్న కేబులు అంటే ఒప్పుకోకండి. ఆర్.జి.-58 అనే ఆ చవక కేబులు రెండు మీటర్ల తరంగం మీద అంత పొడుగులో సుమారు 6 డెసిబెల్స్ మింగుతుంది. 5 వాట్లు కింద పోస్తే పైకి చేరేది ఒకటింపావు. వచ్చే సిగ్నలుకూ అదే గతి. లావు కేబులు ఖరీదు. అందుకని మా హాస్టలులో తేలిన సూత్రం ఏమిటంటే, కేబులు కిందికి దింపడం కంటే మనిషి మెట్లెక్కడం చవక.

ఇదంతా మాకు చాలాకాలం ఆటే. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న ఆరుగురం, సాయంత్రాలు ఎవరి మాట ఎక్కడిదాకా పోయిందని నోటు పుస్తకంలో గీతలు గీసుకునేవాళ్ళం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి పెద్దవాళ్ళు చెబితే విన్నవాళ్ళమే తప్ప, తుపానుకీ మా ఆటకీ సంబంధం ఉందని ఎవరమూ గట్టిగా అనుకోలేదు. 2014 అక్టోబరు 12 ఆదివారం నాడు హుద్‌హుద్ నేరుగా మన ఊరి మీదికే వచ్చింది. పొద్దున్నుంచి సముద్రం వైపు తలుపులు విరిగాయి. మధ్యాహ్నం తుపాను కన్ను ఊరిమీదికొచ్చి కాసేపు గాలి ఆగింది. అయిపోయిందనుకుని బయటికొచ్చినవాళ్ళను, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి కొట్టింది. విమానాశ్రయం కప్పు లేచిపోయింది. వాతావరణశాఖ వారి డాప్లర్ రాడార్ దెబ్బతింది. సోమవారం తెల్లవారేసరికి వాల్తేరులో ఆకున్న చెట్టు లేదు. కరెంటు లేదు, నీళ్ళు లేవు, చేతిలో ఫోనుంది గాని అందులో ఊపిరి లేదు.

ఆ పొద్దున హాస్టలులో ఎవరికీ ఆకలి లేదు. ఊళ్ళోనే ఇళ్ళున్న కుర్రాళ్ళు గేటు దగ్గర గుంపుగా నిలబడ్డారు. నడిచి వెళ్దామంటే రోడ్డు నిండా చెట్లూ, కరెంటు స్తంభాలూ, రేకులూ. అప్పుడు మేము రెండు సెట్లు పట్టుకుని డాబా ఎక్కాం. రిబ్బను ఏరియల్‌ని మిగిలిన ఒక ఇనుప గొట్టానికి కట్టాం. గాజువాకలో మా క్లాసువాడొకడు ఇంట్లో ఉన్నాడు, వాడి దగ్గర సెట్టుంది. గీత గీస్తే పన్నెండు కిలోమీటర్లు. పిలిచాం. లేదు. జరిగి పిలిచాం. లేదు. వాడు వీధిలో నిలబడి ఉన్నాడని తర్వాత తెలిసింది. వాళ్ళ మేడ మెట్ల మీద చెట్టు పడింది. కాని ఎన్.ఎ.డి. జంక్షన్ దగ్గర ఐదంతస్తుల మేడ మీద నుంచి ఇంకో మిత్రుడు పలికాడు. వాడికి మా ఇద్దరి గొంతులూ వినపడుతున్నాయి. "మీరు ఒకళ్ళకొకళ్ళు వినపడరు. నేను చెబుతాను, నాకు చెప్పండి" అన్నాడు. రెండురోజులు వాడా మేడ దిగలేదు.

మామూలు రోజుల్లో హామ్ లైసెన్సు మీద ఊళ్ళోవాళ్ళ కబుర్లు మొయ్యకూడదు. ప్రకృతి వైపరీత్యంలో మొయ్యవచ్చు. ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతి గంటకూ మొదటి పది నిమిషాలు మాత్రమే సెట్లు తెరవాలి, మిగతా యాభై నిమిషాలు కట్టెయ్యాలి. కబురు కాగితం మీద రాసుకునే చెప్పాలి. విన్నవాడు అక్షరం మార్చకుండా తిరిగి అప్పజెప్పాలి. పవరు 5 వాట్ల మీద కాకుండా 1 వాటు మీద పెట్టాం. ఆ కొద్ది పవరుతో మాట చేరడానికి ఆ రిబ్బను ముక్కా, ఆ ఎత్తూ కారణం. అలా చెయ్యకపోతే బ్యాటరీలు సోమవారం సాయంత్రానికే అయిపోయేవి. ఛార్జి అయిపోయిన సెట్టు ఎన్ని వాట్లదైనా అది పలికే దూరం సున్న. తర్వాత మోటారుసైకిలు బ్యాటరీ నుంచి ఛార్జి చేసుకున్నాం.

పెదగంట్యాడ నుంచి వచ్చిన జూనియర్ కుర్రాడొకడు. తండ్రి లేడు, రేకుల ఇంట్లో తల్లి ఒక్కతే ఉంది. వాడి కబురు తొమ్మిది గంటలకు ఎన్.ఎ.డి. మీదుగా గాజువాక వెళ్ళింది: అమ్మ ఎలా ఉందో చూసి చెప్పండి. గాజువాక వాడు తమ్ముణ్ణి సైకిలిచ్చి పంపాడు. ఆ తమ్ముడు సైకిలు తొక్కినదానికంటే భుజాన మోసిందే ఎక్కువ. పది, పదకొండు, పన్నెండు గంటల పిలుపుల్లో ఏమీ రాలేదు. కుర్రాడు మెట్ల మీద కూర్చుని లేవలేదు. మెస్సు పెద్దాయన వాడి చేతిలో గంజి గ్లాసు పెట్టి, మా సెట్టు వైపు అనుమానంగా చూసి, "ఈ డబ్బా నిజంగా గాజువాక దాకా పలుకుతాదా?" అని అడిగాడు. నాలుగు గంటల పిలుపులో జవాబు వచ్చింది. ఎన్.ఎ.డి. వాడు నిదానంగా చదివాడు: "అమ్మ బాగుంది. రేకులు పోయాయి. పక్కింటివాళ్ళ డాబాలో ఉంది. నువ్వు తొందరపడి రావద్దంది. నీళ్ళు కాచుకుని తాగమంది. ఓవర్."

మొదటి నాలుగు ముక్కలు వింటున్నప్పుడు కుర్రాడి ముఖంలో ఏ మార్పూ లేదు. ఓదార్పుకి ఎవరైనా చెప్పగల మాటలే అవి. నీళ్ళ మాట వినగానే రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "మా అమ్మే అన్నా, ఫోన్‌లో రోజూ అదే చెబుతాది" అన్నాడు. అక్కడ చుక్క నీరు లేదు, కాచడానికి కట్టెపుల్ల లేదు. ఆ ముక్క అనవసరమని గాజువాకలోనో ఎన్.ఎ.డి. దగ్గరో ఎవరైనా కత్తిరించి ఉండవచ్చు. ఛార్జి మిగిలేది కూడా. ఇద్దరిలో ఎవరూ కత్తిరించలేదు. పది నిమిషాల్లో ఇంకా పద్నాలుగు కబుర్లు చెప్పాల్సి ఉండి కూడా ఎన్.ఎ.డి. వాడు ఆ ముక్కని రెండుసార్లు చదివాడు.

ఆ పనే చెయ్యడానికి రిపీటరనే యంత్రం ఉంది. ఎత్తైన చోట పెడతారు. ఒక ఫ్రీక్వెన్సీ మీద విన్నదాన్ని అదే క్షణంలో 600 కిలోహెర్ట్జ్ దూరంలో ఉన్న ఇంకో ఫ్రీక్వెన్సీ మీద తిరిగి పలుకుతుంది. తన అరుపుతో తన చెవులే చెవుడెక్కకుండా మధ్యలో నిలువెత్తు ఫిల్టరు డబ్బాలుంటాయి. కొండమీద మంచి రిపీటరుంటే పేటలో చేతిసెట్టు పట్టుకున్నవాడు ఊరంతా మాట్లాడవచ్చు. నగరంలో దూరం పెంచడానికి ఇంతకు మించిన ఉపాయం లేదని నేనూ ఒప్పుకుంటాను. కాని దానికి కరెంటు కావాలి, కరెంటు పోతే నాలుగు రోజులు నిలిచే బ్యాటరీ కావాలి, గాలికి వంగని స్తంభం కావాలి, నెలకోసారి కొండెక్కి చూసే మనిషి కావాలి. ఈ నాలుగింటిలో మొదటి మూడూ డబ్బుతో వస్తాయి. సెల్ టవర్లకు ఇవన్నీ ఉన్నాయనే హుద్‌హుద్ ముందు రోజు దాకా అందరమూ అనుకున్నాం.

దూరపు మాటకు, రాష్ట్రాలూ సముద్రాలూ దాటడానికి వేరే సెట్లున్నాయి. 1983లో హైదరాబాదులో పుట్టిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థవాళ్ళు 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్టుబ్లెయిర్‌లో ఉండి, అండమాన్ నుంచి బయటి ప్రపంచానికి కబుర్లందించారు. అది హెచ్.ఎఫ్. పని, చేతిసెట్టు పని కాదు. చేతిసెట్టు పరిధి ఒక ఊరు. ఊళ్ళో ఒక పేటకీ ఇంకో పేటకీ మధ్య మాట తెగిపోతే అండమాన్ కంటే దూరమవుతుందని ఆ సోమవారం చూశాను.

లైసెన్సు మాట ఎత్తాను గనక ఒక్క ముక్క. ఇవాళ రెండువేలకీ మూడువేలకీ సెట్లు దొరుకుతున్నాయి గదా అని కొని, ఏ ఫ్రీక్వెన్సీ పడితే ఆ ఫ్రీక్వెన్సీ మీద మాట్లాడటం నేరం. వివరాలేమీ చెప్పకుండా ఇలాంటివి అమ్ముతున్నారని 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అమ్మకందారులకు నోటీసులు కూడా ఇచ్చింది. సెట్టు విప్పి వాట్లు పెంచే మహానుభావులు కొందరున్నారు. వాళ్ళ మాట ముందుకు పోదు గాని పక్కవాడి టీవీలోకి, పోలీసువాళ్ళ చానల్లోకి బాగా పోతుంది. హామ్ పరీక్షకు పన్నెండేళ్ళు నిండితే చాలు. కొంచెం ఎలక్ట్రానిక్సు, కొంచెం నిబంధనలు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్సు కూడా అక్కర్లేదు. రాజీవ్ గాంధీ ప్రధానిగా ఉంటూ కూడా వి.యు.2 ఆర్.జి. అనే పిలుపుతో హామ్‌గా ఉన్నాడు. తీరిక లేదని థర్డియర్ కుర్రాళ్ళు చెబితే నేను నమ్మను.

కిందటి ఏడాది కాలేజీకి వచ్చినప్పుడు డాబా ఎక్కి చూశాను. మేము ఏరియల్ కట్టిన గొట్టం తుప్పుపట్టి పోయింది. పక్కనే కొత్త నీళ్ళ ట్యాంకు కట్టారు. దాని మీదికి ఇనుప నిచ్చెన ఉంది. పాత గొట్టం కంటే మూడు మీటర్లయినా ఎత్తు వస్తుంది, కైలాసగిరి వైపూ పోర్టు వైపూ అడ్డేమీ లేదు. యూనియన్ వారు సెట్లకోసం డబ్బు పోగుచేస్తున్నారని విన్నాను. సెట్లు రెండు తగ్గించి కొన్నా ఫరవాలేదు, ఆ ట్యాంకు మీద ఒక గొట్టం నిలబెట్టించండి. బోల్టులు స్టెయిన్‌లెస్‌వి వెయ్యండి, మన సముద్రపు గాలికి మామూలు ఇనుము రెండు వర్షాకాలాలకంటే ఆగదు. డాబా తలుపుకి ఇప్పుడు తాళం వేస్తున్నారు. తాళంచెవి ఒకటే ఉంది, వార్డెన్ గారి ఇంట్లో ఉంటుంది. రెండోది చేయించి హాస్టలులో ఉంచమని ఆయన్ని అడగండి.